పోయిన క్రావడి

తెల్లవారుజామున ఫజర్ నమాజు చదువుకుని వచ్చేసరికి కంప్యూటరు తన పని తాను ముగించుకుని కూర్చుంది. తెర మీద రెండువందల పధ్నాలుగు వరుసలు, ప్రతి వరుస చివరా పచ్చటి అక్షరాలతో 'సరే' అన్న మాట. జిలానీ టోపీ తీసి మేకుకు తగిలించాడు. కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని ఆ వరుసలన్నీ మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు. ఇంకొకరైతే అక్కడితో సంతోషపడి టీ పెట్టమని కేకేసేవాళ్లు. జిలానీ మాత్రం ప్రింటరులో ఒక తెల్లకాగితం పెట్టాడు.

మనిషికి యాభై ఎనిమిదేళ్లు. సన్నగా, మెడ దగ్గర కాస్త ముందుకు వంగి ఉంటాడు. గడ్డం సగానికి పైగా నెరిసింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొసన చదునుగా అణిగి ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు పదేళ్లపాటు పులివెందుల ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరిన వేళ్లవి. ఇప్పుడు ప్రొద్దుటూరులో జావేద్ డీటీపీ షాపులో శుభలేఖలూ కరపత్రాలూ కడతాడు. వీధిలో అతని పేరు 'కార్డుల జిలానీ'. అంతకు మించి అతని గురించి ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పడానికి ఏమీ లేదని అందరి నమ్మకం. అతనిది కూడా అదే నమ్మకం.

అయితే అతనికి జీతం లేని ఇంకో పని ఉంది. లినక్స్ అనే ఒక ఉచిత వ్యవస్థను ప్రపంచం నలుమూలలా వేలమంది తలా ఒక చెయ్యి వేసి నడుపుతుంటారు. అందులో ఒక్కో పనికి ఒక్కో ముక్కగా వేల ప్యాకేజీలు ఉంటాయి. ఒక్కో ప్యాకేజీకి ఒక్కో సంరక్షకుడు ఉంటాడు. పుస్తకాల పుటలు కూర్చే సాఫ్ట్‌వేరులో తెలుగు అక్షరాలకు సంబంధించిన ప్యాకేజీ ఒకటుంది. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో, పొడుగుమాట వరుస చివర ఎక్కడ విరగాలో చెప్పే చిన్న ప్యాకేజీ అది. దాని సంరక్షకుడి పేరు దగ్గర పదహారేళ్లుగా 'జిలానీ, ప్రొద్దుటూరు' అని ఉంది. పదో తరగతి రెండుసార్లు తప్పిన తన పేరు అక్కడ ఎట్లా నిలిచిందో తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ఒళ్లు జలదరిస్తుంది.

రెండేళ్లకొకసారి ఆ వ్యవస్థ కొత్త విడుదల వస్తుంది. ఈసారి అడుగున ఉండే అక్షరాల ఇంజను మొత్తం మారింది. పాత ప్యాకేజీ దాని మీద నిలబడదు. మార్చి మొదటివారంలో ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ పధ్నాలుగు, గ్రీనిచ్ కాలం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోగా సరైన ప్యాకేజీ చేరకపోతే, దాన్ని విడుదల నుంచి తీసేస్తామని దాని సారాంశం. రాసింది మనిషి కాదు, యంత్రం. మనిషినైతే ఇంకో రోజు గడువు ఇమ్మని బతిమాలవచ్చు. గ్రీనిచ్‌లో పన్నెండంటే ప్రొద్దుటూరులో సాయంత్రం ఐదున్నర. ఆ ఏప్రిల్ పధ్నాలుగు ఈ రోజే.

ప్యాకేజీ పోతే ఎవరికి నష్టం? లింగాలలో ఒక పంతులు దాంతో ప్రశ్నపత్రాలు చేసుకుంటాడని జిలానీకి తెలుసు. కువైట్‌లో ఫయాజ్ అనే డ్రైవరు నెలకొకసారి తోటి పనివాళ్ల కోసం నాలుగు పేజీల తెలుగు పత్రిక వేస్తాడని తెలుసు. ఇంకెవరున్నారో తెలియదు. పదిమందో, పదివేలమందో. ముఖం తెలియని వాళ్ల చేతుల్లోని కాగితం తన చేతి మీదుగా పోతుందనే ఆ సంగతి అతనికి తలకు మించినదిగా తోచేది. దాన్ని ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే నవ్వుతారు.

ప్రింటరు కాగితాన్ని బయటికి నెట్టింది. చదివితే అర్థం లేని కాగితం అది. రెండు సన్నటి నిలువు పట్టీల్లో పక్కపక్కనే పేర్చిన రెండువందల పధ్నాలుగు మాటలు, ఒకదానితో ఒకటికి పొత్తు లేనివి. స్త్రీ, తార్క్ష్యుడు, జ్యోత్స్న, నవంబర్‌లో, రాష్ట్రం, వైశిష్ట్యం. పదహారేళ్లలో ఏదో ఒకరోజు, ఎవరికో ఒకరికి, యంత్రం ముక్కలు చేసి చూపించిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఏ మాట తప్పుపడితే ఆ మాటను జిలానీ ఈ కాగితంలో చేర్చాడు. ప్రతి కొత్త రూపాన్నీ పంపే ముందు ఈ కాగితం తీసి చూస్తాడు.

మొట్టమొదటి మాట అతని భార్య పేరు, గుల్జార్‌బీ. పదహారేళ్ల కిందట ఆమె ఇంటిముందు కుట్టు నేర్పించడానికి బోర్డు పెట్టుకుంది. బోర్డు మీద ర్ కింద బ వత్తు పడి 'గుల్జార్బీ' అని వచ్చింది. రెంటి మధ్యా కంటికి కనబడని ఒక గుర్తు ఉండాలి. దానికి ఆకారం లేదు, వెడల్పు లేదు. అది ఉంటే రెండక్షరాలు విడివిడిగా నిలబడతాయి, లేకపోతే ఒకదాని కింద ఒకటి పోయి నలుగుతాయి. ఆ కనబడని గుర్తును వెతుక్కుంటూనే జిలానీ ఈ పనిలోకి దిగాడు. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ, కాపాడేది తెలుగక్షరం అని జావేద్ ఎగతాళి చేస్తుంటాడు.

గుల్జార్‌బీ పొయ్యి దగ్గర నుంచి తొంగిచూసింది. ఆమెకు మంచి మాటలన్నీ ఉర్దూలో వస్తాయి, కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది.

"మిషను సరే అనింది గదా. ఇంక యాడికి పోతాండావు?"

"జమ్మలమడుక్కు పోయొస్తా. అయ్యోరు సూడల్ల."

"ఆ ముసిలాయనకు పానం బాగలేదని నువ్వే చెప్తివి. ఆస్పత్రోళ్లు ఇంటికి పంపించిరంటివి. ఆయప్పకు ఈ కాగితం ఇస్తావా ఇప్పుడు?"

"ఇయ్యను. ఊరికే సూసొస్తా," అన్నాడు జిలానీ. అంటూనే కాగితాన్ని నలగకుండా అట్టల మధ్య పెట్టుకున్నాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పెన్నలో నీళ్లు లేవు, ఇసుక మీద ఎండ మెరుస్తోంది. అయ్యోరంటే బాలసుబ్బయ్య. పులివెందులలో తెలుగు పండితుడుగా ఉన్నప్పుడు, బడి వదిలాక ప్రెస్సుకు వచ్చి ప్రూఫులు దిద్దేవాడు. జిలానీకి అప్పటికి ఇరవై ఏళ్లు. సీసపు అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి ఉంటాయి. అతను తెలుగు బాగా నేర్చుకున్నది ఆ తిరగబడ్డ అక్షరాల్లోనే. అయ్యోరు దిద్దిన ప్రూఫు చేతికొస్తే జిలానీకి భయమూ వేసేది, ముచ్చటా వేసేది. పుట మొత్తం మీద ఒక్క సున్నా అరిగిపోయి ఉంటే, ఆ సున్నా చుట్టూ ఎర్ర పెన్సిలు గీత ఉండేది. ఈ మనిషికి కళ్లా, ఇంకేమన్నానా అనుకునేవాడు. ప్రెస్సు మూతపడి, ఒకరు ప్రొద్దుటూరికీ ఇంకొకరు రిటైరై జమ్మలమడుక్కీ చేరినా, ఆ ఎర్ర పెన్సిలు మాత్రం జిలానీని వదల్లేదు. కంప్యూటరును ఏనాడూ ముట్టుకోని ఆయన, పదహారేళ్లుగా ఈ కాగితం ప్రతి రూపాన్నీ చదివాడు.

శ్రీవిద్య తలుపు తీసింది. ఆమె అయ్యోరి కూతురు, హైస్కూల్లో లెక్కల టీచరు. రెండువారాలుగా సెలవు పెట్టి తండ్రి దగ్గరే ఉంది. రాత్రి నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మొన్నటి నుంచి ఏమీ తినలేదన్నా. మాట గూడా లేదు. ఊపిరికే శానా కష్టపడతాండాడు," అంది గొంతు తగ్గించి.

మంచం మీద తలకింద మూడు దిండ్లు పెట్టుకుని అయ్యోరు సగం కూర్చున్నట్టుగా ఉన్నాడు. ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ మిగల్లేదు. మెడ దగ్గర గుంట ప్రతి శ్వాసకూ లోపలికి పోయి వస్తోంది. జిలానీ అట్టలను వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"అయ్యోరూ, నేను. జిలానీని. ఊరికే సూసిపోదామని వచ్చినా."

కళ్లు తెరుచుకున్నాయి. ఆ కళ్లు మాత్రం ఏమీ తగ్గలేదు.

"కాగితం ఎనకాల పెట్టుకోని... అబద్ధం చెప్తావేంరా," అన్నాడు అయ్యోరు, ప్రతి రెండు మాటలకూ ఆగుతూ. "ఇట్లియ్యి. అమ్మా శ్రీవిద్యా, అద్దాలు."

"మిషను అంతా సరే అనింది అయ్యోరూ. మీరు శ్రమ పడొద్దు."

"మిషను చదువుతాదా? ఇయ్యి."

శ్రీవిద్య అద్దాలు పెట్టింది. ఎర్ర పెన్సిలు వేళ్ల మధ్య ఇరికించింది. కాగితాన్ని అట్టతో సహా జిలానీ పట్టుకుని నిలబడ్డాడు.

అయ్యోరు చదివే తీరు వేరు. ఆయన చివరి మాట నుంచి మొదలుపెట్టి, కింది నుంచి పైకి, కుడి నుంచి ఎడమకు చదువుతాడు. అలా చదివితే అర్థం అడ్డం రాదు. అర్థం తగిలిందంటే కన్ను జారిపోతుంది, ఉండాల్సిన అక్షరం లేకపోయినా మనసే పెట్టేసుకుని ముందుకు పోతుంది. అది ఆయన పులివెందులలోనే జిలానీకి చెప్పిన మాట. ఎన్నిసార్లు ప్రయత్నించినా జిలానీకి అది అబ్బలేదు. పది మాటలు పోయేసరికి అతనిలోని చదివేవాడు లేచి కూర్చునేవాడు.

ఒక మాట. ఒక శ్వాస. ఇంకో మాట. పెన్సిలు కొస కాగితాన్ని తాకకుండా గాలిలో కదులుతోంది. గోడ మీద గడియారం పది దాటింది, పదిన్నర దాటింది. జిలానీ చేతులు తిమ్మిరెక్కాయి. అయినా కదిలించలేదు. ఊపిరి అందని మనిషి, ఒక్కో అక్షరానికి తనకున్న ఊపిరిలో వాటా పెడుతుంటే చూడటం అతనికి దుఃఖంగానూ ఉంది, దుఃఖం కంటే పెద్దదేదో గానూ ఉంది. మసీదులో వరుసలో నిలబడ్డప్పుడు వచ్చే నిశ్శబ్దం అతని లోపలికి వచ్చింది.

పైనుంచి పదో వరుస దగ్గర పెన్సిలు ఆగింది. దిగి, ఒక మాట చుట్టూ మెల్లగా గుండ్రం చుట్టింది.

"జిలానీ. మన రాష్ట్రం... సగం పోయింది సాలదా? వత్తు గూడా పోగొడితివా?"

జిలానీ వంగి చూశాడు. రాష్ట్రం. బాగానే ఉంది. మళ్లీ చూశాడు. రాష్ట్రం. మూడోసారి అయ్యోరి పెన్సిలు కొస ఆ అక్షరం అడుగున నిలిచాక కనబడింది. ష కింద ట వత్తు ఉంది. ఆ రెంటినీ కింది నుంచి చుట్టి పట్టుకోవాల్సిన ర వత్తు, బడిలో క్రావడి అని చెప్పేది, అది లేదు. కాగితం మీద ఉన్నది 'రాష్టం'. ఊరు ఊరంతా అనేది అదే. బస్సులో, టీకొట్టులో, జావేద్ షాపులో, తన నోట్లో కూడా యాభై ఎనిమిదేళ్లుగా అది రాష్టమే. నోటికి అలవాటైనదాన్ని కన్ను తప్పు పట్టలేదు.

ఆ మాట కాగితంలో మూడుచోట్ల ఉంది. రెండుచోట్ల క్రావడి చక్కగా ఉంది. వరుస చివర పడిన ఈ ఒక్కచోటే పోయింది.

మరి యంత్రం సరే అని ఎందుకంది? ఆ ప్రశ్నకు జవాబు తట్టగానే జిలానీకి చెవులు వేడెక్కాయి. యంత్రం దగ్గర ఒక ఒప్పుకాగితం ఉంటుంది. కొత్తగా తయారైన పుటను దానితో పోల్చి, తేడా లేకపోతే సరే అంటుంది. పోయిన ఆదివారం, కొత్త ఇంజనులో అక్షరాల కొలతలు వెంట్రుకవాసి మారి వరుసలన్నీ ఎర్రగా వచ్చాయి. ఇవన్నీ కొలతల తేడాలేలే అనుకుని, కొత్త పుటనే ఒప్పుకాగితం స్థానంలో పెట్టేశాడు. అప్పటి నుంచీ యంత్రం తప్పును అదే తప్పుతో పోల్చుకుని సరే, సరే అంటూ వచ్చింది. ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన పాపం అది. కొత్తవాళ్లు చేస్తే తను మందలించేవాడు.

"నేనే తప్పు జేసినా అయ్యోరూ," అన్నాడు తలవంచుకుని.

"కాగితం మీద ఉండంగనే దొరికింది గదా. ఎప్పుటికి పంపల్ల?"

"ఐదున్నరకు."

"ఇప్పుడు పదకొండున్నర. పైన తొమ్మిది వరుసలుండాయి. అవి గూడా కానీ. అయినాక... ఎత్తుకపో."

తొమ్మిది వరుసలకు ఇరవై నిమిషాలు పట్టింది. ఇంకో తప్పు లేదు. పెన్సిలు వేళ్లలోంచి జారి దుప్పటి మీద పడింది. అయ్యోరు కళ్లు మూసుకుని పొమ్మన్నట్టు చెయ్యి కదిపాడు. జిలానీ ఆయన పాదాలు తాకి, వెనక్కి చూడకుండా బయటపడ్డాడు.

తిరుగు బస్సులో బుద్ధి బేరమాడటం మొదలుపెట్టింది. ఉన్నది ఉన్నట్టుగా ఇప్పుడే పంపిస్తే ప్యాకేజీ భద్రంగా ఉంటుంది. ఒక్క మాట, అదీ వరుస చివర పడితేనే. విప్పి సరిచేసే తంటాలో ఇంకేదైనా విరిగితే ఐదున్నరకు చేతిలో ఏమీ ఉండదు, పదహారేళ్ల పని విడుదలలోంచి పోతుంది. అయితే ఒకసారి విడుదల మూసేశాక ఇట్లాంటి చిన్న తప్పులను ఎవరూ ముట్టుకోనివ్వరు. అంటే రెండేళ్లపాటు లింగాల పంతులు కాగితాల్లో, ఫయాజ్ పత్రికలో, తెలియని అందరి కాగితాల్లో, వరుస చివర చేరిన ప్రతిసారీ క్రావడి రాలిపోతుంది.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట కావొచ్చింది. గుల్జార్‌బీ కుట్టుమిషను మీద రవికె చేతులు అతుకుతోంది.

"ఒక్క అక్షరం పోయింది. వదిలేద్దామా? ఎవురు సూస్తారు?" అన్నాడు. ఆమె వదిలేయమంటే బాగుండునని కూడా అనిపించింది.

ఆమె కాలు ఆపింది. "నా బోర్డు మీద పోయింది గూడా ఒక్క అక్షరమే. అప్పుడు వారం దినాలు అన్నం తినకుండా ఆ మిషను ముందర కూసుంటివి. ఇప్పుడు నీకు పెద్దరికం వచ్చెనా?"

జిలానీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

క్రావడి పోవడం అతనికి కొత్త కాదు. తొమ్మిదేళ్ల కిందట ఇదే జబ్బు వస్తే తనే ఒక అతుకు వేశాడు. ఈ పనిలో వాళ్లు వేసే చిన్న సవరణను అతుకు అనే అంటాడు జిలానీ, భార్య నుంచి తెచ్చుకున్న మాట. జర్మనీ నుంచి ఒకాయన, ఏనాడూ ముఖం చూడని మంచిమనిషి, ఆ అతుకును అసలు గుడ్డలోనే, అంటే ఇంజనులోనే, నేసేశామని రాస్తే, ఇంక అవసరం లేదని పోయిన నెల తీసేశాడు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. వాళ్లు నేసింది సగమే. వరుస మధ్యలో పడే మాటలకు చేశారు, చివర పడే మాటలకు చెయ్యలేదు.

పాత అతుకును తెరిచాడు. దాని నెత్తిన తొమ్మిదేళ్ల కిందట తను రాసిన రెండు వాక్యాలున్నాయి. 'వరుస చివర క్రావడి పడిపోతోంది. దయచేసి ఈ అతుకును ఎవరూ తీసేయవద్దు.' రాసిందీ తనే, తీసేసిందీ తనే. సిగ్గుతో ఒక్కడే నవ్వుకున్నాడు.

అతుకును కొత్త ఇంజను కొలతలకు సరిపెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఒప్పుకాగితాన్ని పాతదాని నుంచి మళ్లీ తెచ్చి, తేడాలన్నీ ఈసారి ఒక్కొక్కటే కంటితో చూసి ఒప్పుకున్నాడు. అప్పుడు ప్యాకేజీని కట్టమని యంత్రానికి చెప్పాడు. ఆ ముసలి యంత్రానికి రెండుగంటలు పడుతుంది. గడియారం రెండు చూపించింది.

రెండుంపావుకు కరెంటు పోయింది.

ఇంట్లో ఇన్వర్టరు చిన్నది. కంప్యూటరైనా నడుస్తుంది, ఫ్యానైనా తిరుగుతుంది, రెండూ కలిసి గంట కూడా ఆగవు. ఏప్రిల్ మధ్యాహ్నం, ప్రొద్దుటూరు, రేకుల ఇల్లు. గుల్జార్‌బీ లేచి ఫ్యాను ఆపేసింది. తలుపులు రెండూ బార్లా తీసింది. తడిపిన తువ్వాలు మెడకు చుట్టుకుని కాలితో మిషను తొక్కుతూ పని కొనసాగించింది. రవికె గుడ్డ మీద చెమట పడకుండా మాటిమాటికీ మోచేత్తో గడ్డం తుడుచుకుంటోంది. చూసి చూసి జిలానీ అట్టముక్క తీసుకుని ఆమెకు విసరడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో అది మొదటిసారి. ఆమె నవ్వింది గానీ ఆపమనలేదు. తెర మీద వరుసలు పైకి పాకుతున్నాయి. ఏదో ఊరిలో ఎవరో రాసిన ముక్క, ఇంకేదో దేశంలో ఎవరో చనిపోయినాయన రాసిపోయిన ముక్క, తన అతుకు, ఒకదాన్నొకటి వెతుక్కుని కలుసుకుంటున్నాయి. ఎన్నిసార్లు చూసినా ఇది అతనికి పాతబడలేదు.

నాలుగూ పదికి కట్టడం అయింది. నాలుగుంపావుకు కరెంటు వచ్చింది. జిలానీ కొత్త కాగితం తీశాడు. జమ్మలమడుక్కు పోయి వచ్చే వేళ లేదు. ఈసారి చదవాల్సింది తనే.

కాగితాన్ని నేల మీద పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చివరి మాట నుంచి మొదలుపెట్టాడు. పది మాటలు దాటాయి. ఇరవై దాటాయి. లోపలి చదివేవాడు ఈసారి లేవలేదు. అర్థాలన్నీ ఎటు పోయాయో పోయాయి. మిగిలినవి వట్టి ఆకారాలు. తలకట్టు దాని చోట ఉంది. గుడి దాని ఎత్తున ఉంది. ఒక అక్షరం భుజాల మీద ఇంకో అక్షరం కాదు, ప్రతి అక్షరం తన కింద ఇంకొకదానికి చోటిచ్చి, దాని కింద మరొకదానికి చోటిచ్చి నిలబడి ఉంది. ఇంత చిన్న జాగాలో ఎవరు ఎవరికి ఎంత చోటివ్వాలో ఎన్ని వందల ఏళ్లు ఎంతమంది చేతులు ఆలోచించాయో! యా అల్లా అనుకున్నాడు. నలభై ఏళ్లు అక్షరాల మధ్యనే బతికి, వాటిని ఈరోజే చూస్తున్నట్టు ఉంది. కళ్లలో నీళ్లు తిరిగితే కాగితం మీద పడకుండా పక్కకు తిరిగి తుడుచుకున్నాడు.

వరుస చివర రాష్ట్రం వచ్చింది. క్రావడి దాని చోట ఉంది.

ఐదు గంటలకు లేచాడు. మార్పుల చిట్టాలో చేసినవి రాశాడు. తప్పు తనదేనని కూడా దాచకుండా రాశాడు. చివర ఎప్పటిలాగే ఒక వరుస చేర్చాడు. 'కాగితం మీద చదివినవారు: బాలసుబ్బయ్య, జమ్మలమడుగు.' పంపింది తనేనని చూపే సంకేతముద్ర వేసి ఐదూ ఆరుకు పంపాడు. ఐదూ పధ్నాలుగుకు ఉత్తరం వచ్చింది. స్వీకరించాం అని ఒక్క మాట.

ఇంకో గంటలో తను ఏనాడూ చూడబోని తొమ్మిదిరకాల యంత్రాలు ఆ ప్యాకేజీని తమకు తగినట్టు కట్టుకుంటాయి. తెల్లవారేసరికి ఎన్ని దేశాల్లోనో దాని ప్రతులు ఉంటాయి. జిలానీ గుల్జార్‌బీ వైపు చూశాడు. ఆమె మిషను మీద తలవాల్చి నిద్రపోతోంది. ఫ్యాను ఆమె వైపు తిప్పి, ఫోను తీసుకుని వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మా శ్రీవిద్యా, పని అయిపోయింది. క్రావడి దొరికింది, ఒప్పుకున్నారు. అయ్యోరికి చెప్పమ్మా."

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది.

"అయిపోయిందా అన్నా? అంతా?"

"అంతా అయిపోయిందమ్మా."

"నాన్న లేడన్నా. మూడు గంటలప్పుడు పోయినాడు. నాకేమన్నా అయితే ఐదున్నర దాకా జిలానీకి ఫోను జేయొద్దు అన్యాడు. పనిలో ఉంటాడు అన్యాడు. అందుకే చేయలేదు. ఏమనుకోవద్దన్నా."

జిలానీ గడప మీద కూర్చున్నాడు. మూడు గంటలప్పుడు తను అట్టముక్కతో విసురుతూ తెర చూస్తున్నాడు. ఆ మనిషి తన చావు కబురును ఐదున్నర దాకా ఆపి పెట్టాడు, ఒక వత్తు కోసం. అతనికి గట్టిగా ఏడుపు వచ్చింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసినా ఆపుకోలేదు.

జమ్మలమడుగులో దిగేసరికి ఇంకా వెలుతురుంది. ఇంటిముందు ఇరుగుపొరుగు పదిమంది నిలబడి ఉన్నారు. హాల్లో నేల మీద అయ్యోరు తెల్లటి పంచె కప్పుకుని పడుకుని ఉన్నాడు. తల దగ్గర దీపం వెలుగుతోంది. మెడ దగ్గర గుంట ఇప్పుడు కదలడం లేదు. అద్దాలు లేని ముఖం జిలానీకి ఎవరో కొత్తమనిషి ముఖంలా కనిపించింది. చెప్పులు విప్పి వాకిలి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని సరోజమ్మ అనే పొరుగావిడ పిలిచినా, అక్కడే ఉండిపోయాడు.

శ్రీవిద్య అతన్ని చూసి లేచి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"నువ్వు పోయినాక మళ్లా పెన్సిలు అడిగినాడు. దీంట్లో ఏందో రాసి నీకిమ్మన్యాడు."

మందులతోపాటు వచ్చిన పసుపురంగు కరపత్రం అది. ఊపిరి వ్యాయామం ఎట్లా చేయాలో నాలుగు బొమ్మలు వేసి, పక్కన వివరంగా అచ్చువేశారు. జిలానీ దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టుకున్నాడు. మూడో బొమ్మ కింద ఒక మాటలో వత్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మరక అయిపోయాయి. ఆ మరక చుట్టూ ఎర్ర పెన్సిలు గుండ్రం ఉంది. పక్కన ఖాళీ అంచులో వణికిన గీతలు, చ కింద ఛ, ఛ కింద వ, ఏదీ ఇంకొకదాన్ని తొక్కకుండా, అన్నీ వాటి వాటి చోట: ఉచ్ఛ్వాసం.